పాత హత్య కేసుకు ఏది మేలు: డీఎన్ఏనా, వేలిముద్రా?

"హెడ్డు సారూ, ఇరవై ఏండ్ల కిందటి మర్డర్ గిప్పుడు డీఎన్ఏతోని దొరుకుతదా?"

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్లో పొద్దున చాయ్‌కు పోతే వారానికి ఒక్కరైనా ఇదే అడుగుతారు. అంతా ఓటీటీల పుణ్యం. అందులో ఒక వెంట్రుక దొరుకుతుంది, తెల్లకోటు వేసుకున్నాయన దాన్ని మిషన్లో పెడతాడు, పావుగంటలో ముద్దాయి ఫోటో తెర మీదికొస్తుంది. నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ణి. సర్వీసులో సగం స్టేషన్ రైటర్‌గానూ కోర్టు డ్యూటీలోనూ గడిచింది. కేసుల్లో పట్టుకున్న వస్తువులు దాచే స్టేషన్ గది, అదే మాల్‌ఖానా, దాని తాళాలు చాలా ఏళ్లు నా జేబులోనే ఉన్నాయి. అందుకే నా జవాబు ల్యాబ్ వైపు నుంచి కాక మాల్‌ఖానా వైపు నుంచి వస్తుంది.

చనిపోయింది ఎవరో తేలని కేసుల్లో డీఎన్ఏకు సాటి ఏదీ లేదు. మన దగ్గర ఆ కేసులు తక్కువేం కాదు. సాగర్ ఎడమ కాలువలో ఎక్కడో పడ్డ శవం ఇంకెక్కడో తేలుతుంది, ముఖం గుర్తుపట్టేలా ఉండదు. పాడుబడ్డ బావి పూడిక తీస్తే ఎముకలు బయటపడతాయి. పాలమూరు వైపు ఇంకో చిక్కు ఉంది. మనిషి బొంబాయికో పుణెకో వలసపోయాడనుకుని ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కంప్లైంట్ కూడా ఇవ్వరు. ఎముకలు స్టేషన్లో ఉంటాయి, వాటి కోసం అడిగే మనిషే ఉండడు.

తొడ ఎముక, పళ్లు బాగుంటే ఏళ్లు గడిచినా డీఎన్ఏ దొరకొచ్చు. తల్లి రక్తమో పిల్లల రక్తమో ఉంటే పోల్చొచ్చు. 1995 ఢిల్లీ తందూర్ హత్య కేసులో కాలిపోయిన శరీరం నైనా సాహ్నిదేనని తల్లిదండ్రుల నమూనాలతో పోల్చి తేల్చింది మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్. ఆయన బృందం 1980ల చివర్లోనే డీఎన్ఏతో మనిషిని గుర్తుపట్టే సొంత పద్ధతి (డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ అంటారు) మన దేశానికి తయారుచేసింది. మనకు రెండు మూడు గంటల దారిలో ఉన్న ఊళ్లోనే ఇదంతా జరిగింది.

హాజీపూర్ అమ్మాయిల హత్యలు గుర్తున్నాయి కదా. 2015లో కనిపించకుండా పోయిన అమ్మాయి నాలుగేళ్లు మిస్సింగ్ కేసుగానే ఉండిపోయింది. 2019లో వేరే బాలిక కేసులో ముద్దాయి దొరికాక గానీ బావిలోంచి ఆ పిల్ల అవశేషాలు బయటికి రాలేదు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు ముద్దాయికి ఉరిశిక్ష వేసింది. అలాంటి చోట ఎముక ఎవరిదో చెప్పాల్సింది శాస్త్రమే.

పుర్రెను పాత ఫోటోతో పోల్చే సూపర్ ఇంపోజిషన్ కూడా ఉంది. దానికి తిన్నగా ముఖం కనబడే ఫోటో కావాలి, పళ్లు కనబడితే ఇంకా మంచిది. మనవాళ్లకు దొరికేది రేషన్ కార్డు మీది బొటనవేలంత ఫోటో. పైగా కోర్టు దాన్ని తోడు సాక్ష్యంగానే చూస్తుంది తప్ప ఒక్కదాని మీదే శిక్ష వేయదు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఎముకలైతే ఫ్లోరోసిస్ గుర్తులు డాక్టరుకు తెలిసిపోతాయని కొందరు అంటారు. నిజమే, కానీ ఆ ఊళ్లలో పెద్దవాళ్లు ఎంతమంది వెన్నుపూసలు అట్లా బిగుసుకుపోయాయో లెక్కపెట్టండి, అది ఎవరినని పట్టిస్తుంది?

ఇక చంపింది ఎవరన్నది అసలు ప్రశ్న. ఇక్కడికొచ్చేసరికి నా మనసు డీఎన్ఏ నుంచి పక్కకు జరుగుతుంది.

డీఎన్ఏ దొరికినా దాన్ని దేనితో పోల్చాలి? అమెరికాలో 1970లు, 80ల నాటి హత్యలు చేసిన గోల్డెన్ స్టేట్ కిల్లర్‌ను 2018లో పట్టుకున్నారంటే, అక్కడ జనం తమంతట తాము డీఎన్ఏ వివరాలు పెట్టుకున్న వంశవృక్షాల వెబ్‌సైట్ ఉంది కాబట్టి. దూరపు చుట్టాల నుంచి మొదలుపెట్టి మనిషి దాకా వచ్చారు. మన దగ్గర నేరస్థుల డీఎన్ఏ బ్యాంకు కోసం తెచ్చిన బిల్లునే 2023లో వెనక్కి తీసుకున్నారు. అంటే అనుమానితుడు ముందే చేతిలో ఉంటేనే డీఎన్ఏ పనిచేస్తుంది. ఇరవై ఏళ్ల కేసులో లేనిదే ఆ అనుమానితుడు.

ఊళ్లలో ఇంకో తిరకాసు. మరక పాతదై, ఆడమనిషి రక్తమూ మగమనిషి చెమటా కలిసిపోతే ఒక్కోసారి మగవాళ్ల వై క్రోమోజోమ్ పరీక్ష ఒక్కటే దిక్కవుతుంది. అది తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కు దాదాపు మారకుండా దిగుతుంది. అన్నదమ్ములది, చిన్నాయనది, పెదనాయన కొడుకులది అందరిదీ ఒకటే. భూమి గెట్టు పంచాయతీలో పాలోళ్ల మధ్య హత్య జరిగిందనుకోండి, ఆ రిపోర్టు ఇంటిపేరు దాకా తెచ్చి వదిలేస్తుంది. ఆ మాత్రం ఊరంతా ముందే అనుకుంటుంది.

వీటన్నిటికంటే పెద్ద సంగతి మాల్‌ఖానా. నేను చూసిన పాత కేసుల్లో డీఎన్ఏను చెడగొట్టింది ముద్దాయిల తెలివి కాదు, మా పాలిథిన్ కవర్లు. రక్తం అంటిన బట్టను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. మేం తడి బట్టను అట్లాగే ప్లాస్టిక్ కవర్లో వేసి, దారం చుట్టి, లక్క సీలు కొట్టి, పంచుల (సాక్షుల) సంతకాల చీటీ అంటించి అటక మీద పడేసేవాళ్లం. సీలు చూస్తే ముచ్చటేసేది. లోపల మాత్రం బూజు. ఎండాకాలం నల్లగొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, వానాకాలం పైకప్పు కారేది, మిగిలింది ఎలుకలు, చెదలు చూసుకునేవి. గ్లౌజులా? ఆ రోజుల్లో మా కానిస్టేబుళ్లలో వాటిని ఆస్పత్రి బయట చూసినవాళ్లు లేరు. నేను పట్టుకున్న బట్టల మీద ముద్దాయి చెమట ఉందో లేదో గానీ నాది మాత్రం కచ్చితంగా ఉంటుంది.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఏడేళ్లూ ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్పాట్‌కు రావాలని పెట్టారు. అన్నిచోట్లా అమలుకు ఐదేళ్ల గడువిచ్చారు. 2025లో సుప్రీంకోర్టు ఒక మరణశిక్ష ఖైదీని విడిచిపెడుతూ, డీఎన్ఏ నమూనా 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలని, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్లో ఎక్కాలని చెప్పింది. మంచిదే. కానీ ఇవి రేపటి కేసులకు పనికొస్తాయి. 2003 నాటి మూటకు ఏం చేస్తాయి?

అందుకే నా ఓటు వేలిముద్రకు. పౌడర్ కొట్టి ఫోటో తీశాక ఇక ఆ ముద్రకు ఎండా వానా లేదు. ఫోటోకు బూజు పట్టినా గీతలు కనిపిస్తే చాలు. అప్పుడు దొరకనిది ఇప్పుడెట్లా దొరుకుతుందంటే, మారింది ముద్ర కాదు, వెతికే తీరు. వెనకట భూతద్దం పట్టుకుని వేల చీటీలు ఒక్కొక్కటే చూడాల్సి వచ్చేది. ఒక్క వేలి ముద్రే దొరికితే దాదాపు ఆశ వదులుకున్నట్టే. వేలిముద్రలు పోల్చే పాపిలాన్ కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక మన రాష్ట్రంలో ఆ పని మిషన్ చేస్తోంది. 2022లో దేశమంతటికీ కలిపి నాఫిస్ అనే వేలిముద్రల వ్యవస్థ వచ్చాక వేరే రాష్ట్రాల్లో అరెస్టయినవాళ్ల ముద్రలతో కూడా పోల్చొచ్చు.

దాని లోపం దానికీ ఉంది. ముట్టుకున్నాడని చెబుతుంది, చంపాడని చెప్పదు. మన దేశంలో వేలిముద్రతో శిక్ష పడ్డ తొలి కేసులోనే ఇది బయటపడింది. 1897లో జల్పాయిగురి టీ తోటలో మేనేజర్ గొంతు కోశారు. అక్కడున్న బెంగాలీ పంచాంగం మీది నెత్తుటి బొటనవేలి ముద్ర, అంతకుముందు దొంగతనంలో జైలుకెళ్లిన పాత పనివాడి ముద్రతో కలిసింది. కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసి, హత్య మాత్రం రుజువు కాలేదంది. మా అనుభవంలో హత్యలు ఎక్కువగా తెలిసినవాళ్లే చేస్తారు. వాళ్ల ముద్ర ఆ ఇంట్లో ఉండటంలో వింతేం లేదు, రికార్డులో లేకపోవడంలోనూ వింత లేదు. బయటినుంచి వచ్చిన దొంగ చేసిన హత్యకు మాత్రం వేలిముద్రను మించింది లేదు.

మందు ఎక్కించి మాట రాబట్టే నార్కో పరీక్ష గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాల్ డేటా కంపెనీలు ఉంచాల్సింది రెండేళ్లే, అప్పుడే తీసి ఫైల్లో పెట్టుకోకపోతే లేనట్టే. పోలీసు కుక్క పాత కేసుకు దేనికి?

మాటలను మాత్రం తీసిపారేయకండి. ప్రపంచంలో డీఎన్ఏతో తేలిన మొదటి హత్య కేసు ఇంగ్లండులో లీసెస్టర్ దగ్గరిది, 1983లోనూ 1986లోనూ ఇద్దరు అమ్మాయిల హత్యలు. ఒప్పుకున్న కుర్రాడు నిర్దోషి అని డీఎన్ఏ తేల్చింది. ఐదు వేల మందికి పైగా మగవాళ్ల నమూనాలు తీశారు. అసలువాడు తన బదులు తోటి పనివాణ్ణి పంపించాడు. చివరికి ఆ పనివాడు కల్లు దుకాణం లాంటి చోట నోరు జారితేనే ఆ సంగతి బయటపడింది.

నా మటుకు నాకు ఈ పోలిక ఒక్క కేసుతో తేలిపోయింది. 2003 ఎండాకాలం, ఒంటరిగా ఉండే ముసలమ్మను వెండి కడియాల కోసం చంపారు. మెడకు బిగించిన తువ్వాల దొరికింది. వచ్చినవాడు నీళ్లు తాగి పక్కన పెట్టిన స్టీలు చెంబు మీద ఒక వేలిముద్ర దొరికింది. కేసు అన్‌డిటెక్టెడ్ కింద మూతపడింది. చాలా ఏళ్ల తర్వాత ఫైలు దుమ్ము దులిపి తువ్వాలను ల్యాబ్‌కు పంపితే డీఎన్ఏ రాలేదని రిపోర్టు వచ్చింది. కవర్ విప్పినప్పటి వాసనకే నేననుకున్నాను. చెంబు మీది ముద్ర మాత్రం కలిసింది, వేరే జిల్లాలో గుడి హుండీ దొంగతనంలో దొరికిన మనిషితో. ఆ ఊరికి అతనికి ఏ చుట్టరికమూ లేదు. తీరా పోయి చూస్తే అతను చచ్చిపోయి అప్పటికి నాలుగేళ్లు.

ముసలమ్మ కూతురికి ఈ మాట చెప్పడానికి నేనే పోయాను. అంతా విని, వాడి పేరు కూడా అడగలేదు. "సారూ, గా చెంబు మాకియ్యరాదుండ్రి? మా అమ్మది" అంది. ఆమె తరఫున పిటిషన్ నేనే రాసిపెట్టాను. కోర్టు ఆర్డర్ వచ్చాక సీలు తీసి చేతికిచ్చాం. చెంబు మీద పౌడర్ ఇంకా అక్కడక్కడా బూడిద రంగులో అంటుకునే ఉంది. కొంగుతో తుడవబోయి, ఆగి, నా వైపు చూసింది.

"తుడవొచ్చునా సారూ?"

"ఇగ తుడవొచ్చు అక్కా" అన్నాను.