చిన్నమ్మిని వెతుక్కుంటూ చీమకుర్తి, భైరవకోన

నేనూ మా బావా కలిసి రెండేళ్లుగా ఒక కథ రాస్తున్నాం. అందులో మనుషులు కాపురం పెట్టిన చందమామ ఒకటుంది. పేరు చిన్నమ్మి. అది ఏ గ్రహం చుట్టూ తిరుగుతుందో దాని పేరు పెద్దబ్బి. తొమ్మిది రోజులకో చుట్టు. మన చంద్రుడిలాగే ఒకే ముఖం చూపిస్తూ తిరుగుతుంది కాబట్టి, నాలుగున్నర రోజులు పగలు, నాలుగున్నర రోజులు రాత్రి. పెద్దబ్బి మాత్రం ఆకాశంలో మేకు కొట్టి తగిలించినట్టు కదలకుండా అక్కడే. లెక్కలన్నీ కుదిరాయని మురిసిపోయి మా అక్కకు చదివి వినిపిస్తే, "అంతా బాగుంది గానీ, వీళ్లు నీళ్లెక్కడ పోసుకుంటార్రా?" అంది.

సమాధానం లేదు. గాజు గుమ్మటాలు కట్టామే గానీ బాత్రూమ్ కట్టలేదు. ఇంట్లో కూచుంటే తేలదని, ఓ శనివారం నెల్లూరులో తెల్లారి రైలెక్కి ఒంగోలులో దిగాం.

బస్టాండు దాపున ఒక లాడ్జీలో గది తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, ఫ్యాను తిరిగింది, అంతకుమించి పొగడలేను. రోడ్డు వైపు గది మాత్రం తీసుకోకండి, లారీల హారన్లకు కిటికీ అద్దాలు వణుకుతాయి. వేడినీళ్లు 'ఉదయం 6 నుంచి 7.30 వరకే' అని బోర్డు. ఏడుంబావుకు అడిగితే కుర్రాడు ఒకే బకెట్ తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఇద్దరం ఉన్నాం కదయ్యా?"

"రూముకి ఒక బకెట్టే సార్."

నాకు ఒళ్లు మండింది. బావ మాత్రం నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాడు. చిన్నమ్మి మీద మొదటి సత్రం గోడ మీద ఇప్పుడు ఆ బోర్డే ఉంది.

పొదిలి బస్సెక్కితే దారిలోనే చీమకుర్తి. ఊరు ఇంకా రాకముందే తెలిసిపోతుంది, రోడ్డు పక్క చెట్ల ఆకులు బూడిద రంగుకు తిరుగుతాయి. ఇక్కడి క్వారీలు చూసేవాళ్ల కోసం పెట్టినవి కావు. టికెట్టూ లేదు, గైడూ లేడు. తెలిసిన మనిషి ఉండాలి. బావకు తెలిసిన మేస్త్రి ఒకాయన హెల్మెట్లు ఇచ్చి, గీత దాటొద్దని చెప్పి, రామతీర్థం వైపు ఒక గుంత అంచున నిలబెట్టాడు.

చాలా లోతు. మెట్లు మెట్లుగా, రంపంతో కోసినట్టు నిలువుగా నల్లటి గోడలు. కోసినట్టు కాదు, నిజంగా కోసిందే: వజ్రపు పూసలు గుచ్చిన తీగను గిరగిరా తిప్పుతూ నీళ్లు పోస్తుంటే రాయి జున్నుముక్కలా విడిపోతుంది. అడుగున లారీలు బొమ్మల్లా కనపడ్డాయి. ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అని కొనుక్కునే రాయి ఇదే. మేస్త్రి పాలిష్ పట్టిన ముక్క ఒకటి చేతిలో పెట్టాడు. ముందు ఉత్త నలుపు. కాస్త వంచాను, లోపల రాగిరంగు చుక్కలు భగ్గుమన్నాయి. ఇంకొంచెం వంచితే అవి ఆరి, వేరేవి వెలిగాయి. ఆ చుక్కలు బ్రాంజైట్, పైరాక్సీన్ జాతి ఖనిజం. పైరాక్సీన్, ప్లేజియోక్లేజ్ అనే మరో ఖనిజం కలిసి ఈ రాయి అయింది. మన చంద్రుడి రాళ్లలోనూ ఆ రెండే ముఖ్యం. ఈ సంగతి చెబితే మేస్త్రి నవ్వి, "అయితే అక్కడా లీజుకు ఇస్తారా సార్?" అన్నాడు.

క్రేన్ నడిపే అతన్ని, రాయి బరువు ఆరోవంతుకు తగ్గితే నీకు సుఖమేనా అని అడిగాను. "ఎత్తడం ఏముంది సార్, ఊగిందాన్ని ఆపడమే కష్టం" అన్నాడు. ఒక ఘనపు మీటరు రాయి మూడు టన్నులకు దగ్గర. చంద్రుడి మీద అది అర టన్నులా తేలిగ్గా లేస్తుంది గానీ, ఊగడం మొదలైతే దాన్ని ఆపడానికి మూడు టన్నుల తిప్పలూ పడాల్సిందే. రెండేళ్ల పుస్తకాల్లో మేం చూసుకోని విషయం అతను టీ తాగుతూ చెప్పేశాడు. ఈ యాత్రలో పైసా వసూల్ అంటే ఇదే. కాకపోతే ఆ దుమ్ము! మాస్కు, తలకు తువ్వాలు లేకుండా వెళ్లొద్దు.

ఆ రాత్రి కనిగిరిలో పడుకున్నాం. ఫ్లోరైడ్ నీళ్ల బాధ తెలిసిన సీమ అది. లాడ్జీ ఆయన తాళంతో పాటు చిన్న నీళ్ల క్యాను కూడా అడక్కుండానే ఇచ్చాడు. ఒంగోలు గది కంటే చిన్నది, మర్యాద మాత్రం పెద్దది. నేనైతే మళ్లీ ఇక్కడే దిగుతాను.

మర్నాడు ఆటో మాట్లాడుకుని భైరవకోన. జిల్లా గీతలు ఎన్నిసార్లు మార్చినా మాకు అదంతా ప్రకాశమే. బస్సులు తక్కువ కాబట్టి రానూపోనూ, ఆగినందుకూ కలిపి ముందే బేరమాడుకోండి. మేం ఆడలేదు, తిరిగొచ్చేటప్పుడు అరగంట వాదన. తిండి వెంట తీసుకెళ్లడం మేలు. అక్క కట్టిచ్చిన పులిహోర మమ్మల్ని కాపాడింది.

కొండను తొలిచి చేసిన గుహాలయాలు ఎనిమిది. కార్తీక పౌర్ణమినాడు వెన్నెల లోపలి దుర్గమ్మ మీద పడుతుందంటారు. మేం వెళ్లింది పట్టపగలు. బయట రాతి మీద కాలు పెట్టలేం. రెండడుగులు లోపలికి వేస్తే చల్లగా, తడి రాతి వాసన. అప్పుడు బావ చంద్రయాన్-3 సంగతి గుర్తుచేశాడు. 2023 ఆగస్టులో విక్రమ్ దిగిన చోట నేల పైన దాదాపు 50 డిగ్రీలుంటే, 8 సెంటీమీటర్ల లోతులో సున్నాకు పది డిగ్రీలు దిగువ! జానెడు లోతు కూడా లేదు.

గుమ్మటాలు అక్కడే కొట్టేశాం. చిన్నమ్మి జనం ఇప్పుడు కొండ తొలుచుకుని ఉంటారు, మంచు కరిగించి రూముకి ఒక బకెట్ పోస్తారు.

ఇంటికొచ్చి కొత్త అధ్యాయం చదివి వినిపించాం. అక్క చివరిదాకా విని, "సరే, పోసుకున్నారు. ఆ తడి తువ్వాలు ఎక్కడ ఆరేస్తారు?" అంది.