సార్జెంట్ పెప్పర్ 50 ఏళ్ల ఎడిషన్: కొత్త మిక్స్ ఎలా ఉంది, ఎవరు ఏది కొనాలి

బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్‌కి 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2017 మే 26న వచ్చిన ఎడిషన్‌ని చాలామంది రీమాస్టర్ అనుకునే కొంటారు. కొనేముందే ఆ సంగతి తేల్చుకోవడం మంచిది. 2009లో వచ్చింది రీమాస్టర్. అంటే 1967 నాటి మిక్స్‌నే (గొంతులూ వాయిద్యాలూ ఏ పాళ్లలో, ఏ పక్కన వినపడాలో కూర్చిన రూపాన్నే) మాస్టర్ టేపు నుంచి జాగ్రత్తగా డిజిటల్‌లోకి ఎక్కించి, శుభ్రం చేసి ఇచ్చారు. గొంతు మొదట్లో ఏ స్పీకర్లో ఉండేదో ఇప్పటికీ ఆ స్పీకర్లోనే ఉంటుంది. 2017లో చేసిన పని వేరు. అప్పటి నిర్మాత జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్, ఇంజనీరు సామ్ ఓకెల్ కలిసి అసలు రికార్డింగ్ టేపుల దగ్గరికి వెళ్లి, ఆల్బమ్ మొత్తాన్ని కొత్తగా మిక్స్ చేశారు.

ఈ పని ఎందుకు అవసరమైందో తెలియాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. ఆబీ రోడ్ స్టూడియోలో ఆ రోజుల్లో ఉన్నవి స్టూడర్ జె37 అనే నాలుగు ట్రాకుల యంత్రాలు. నాలుగూ నిండితే వాటిని కలిపి రెండో యంత్రంలో ఒకటో రెండో ట్రాకుల మీదికి దింపేవాళ్లు. మిగిలిన ట్రాకుల్లో కొత్త గొంతులు, కొత్త వాయిద్యాలు వచ్చి చేరేవి. ఇది జిరాక్సుకు జిరాక్సు తీయడం లాంటిది. ఒక కాపీ చేసేసరికి టేపు రొద సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, సింబల్స్ మెరుపు తగ్గుతుంది. అయితే రొద కంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. డ్రమ్స్, గిటారు, పియానో ఒకే ట్రాకులో కలిసిపోయాక వాటిని మళ్లీ విడదీయలేరు. ఆ ట్రాకుని ఎడమకి నెడితే మూడూ కలిసి ఎడమకే వెళ్తాయి. 1967 స్టీరియోలో కొన్ని పాటల్లో వాయిద్యాలన్నీ ఒక పక్కన, గొంతు ఇంకో పక్కన నిలబడిపోవడానికి కారణం ఇదే.

అదృష్టం ఏమిటంటే, కాపీ చేయకముందు టేపులు కూడా భద్రంగా ఉన్నాయి. 2017 బృందం మొదటి తరం టేపుల్ని విడివిడిగా డిజిటల్‌లోకి తెచ్చి, ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. టేపు యంత్రాలు ఏ రెండుసార్లూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు కాబట్టి ఇలా పేర్చడం ఓపికతో చేయాల్సిన పని. ఆ పని బాగా జరిగింది. పాట ఎక్కడా జారినట్టు, వాయిద్యాలు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు వినపడదు.

మొదటి పాటలోనే తేడా తెలిసిపోతుంది. డ్రమ్స్, బేస్ గిటార్ మధ్యలోకి వచ్చి కూర్చున్నాయి. కిక్ డ్రమ్‌కి బరువు వచ్చింది. ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’లో పాల్ మెకార్ట్‌నీ బేస్ వాయించిన తీరు చూడండి. డ్రమ్మర్ రింగో పాడే ఒక్కో వరుస చివర ఆ బేస్ పైకి పాకుతూ జవాబు చెబుతుంది. పాత స్టీరియోలో అది ఉందని తెలిసినవాళ్లకే తెలిసేది, ఇప్పుడు ఒక్కో స్వరాన్నీ వేరుగా పట్టుకోవచ్చు. ‘గెటింగ్ బెటర్’, ‘లవ్లీ రీటా’ పాటలకీ ఈ మిక్స్ ఇలాగే మేలు చేసింది.

కొత్త మిక్స్ దేన్ని నమూనాగా పెట్టుకుందన్నది ఇంకా ముఖ్యం. 1967లో బీటిల్స్ దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్, అంటే శబ్దమంతా ఒకే చానెల్‌లో ఉండేది. స్టీరియోని తర్వాత వాళ్లు లేకుండానే తొందరగా ముగించారు. అందుకే జైల్స్ మార్టిన్ పాత స్టీరియోని పక్కన పెట్టి మోనోని ఆధారం చేసుకున్నారు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ దీనికి మంచి రుజువు. మోనోలో ఆ పాట వేగం ఎక్కువ, శ్రుతి దాదాపు అర స్వరం పైన ఉంటుంది. పాత స్టీరియో నెమ్మదిగా, కిందిశ్రుతిలో నడుస్తుంది. 2017 మిక్స్ మోనో వేగాన్నే తీసుకుంది. ఏళ్ల తరబడి స్టీరియోనే విన్నవాళ్లకి మొదటిసారి కాస్త తొందరపడుతున్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ పాటకి ఇదే సరైన నడక. నెమ్మదిగా సాగినప్పుడు దుఃఖం మరీ సాగదీసినట్టుండేది.

‘ఎ డే ఇన్ ద లైఫ్’లో లాభం ఇంకా ఎక్కువ. 1967 ఫిబ్రవరి 10న 40 మంది వాద్యకారులు 24 బార్ల (తాళం ఆవర్తాల) పాటు అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఎగబాకిన ఘట్టం అది. దాన్ని పట్టడానికి ఒక్క నాలుగు ట్రాకుల యంత్రం చాలలేదు. ఒక ట్రాకులో సెకనుకి 50 కంపనాల స్వరాన్ని నింపి, దాని ఆధారంగా రెండు యంత్రాల్ని జంటగా తిప్పే ఉపాయం స్టూడియో ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ కనిపెట్టారు. ఆ జోడీ పూర్తిగా నిలకడగా ఉండేది కాదు. ఇప్పుడు డిజిటల్‌లో రెండు టేపుల్నీ సరిగ్గా కలపడంతో ఆర్కెస్ట్రా ఒక ముద్దలా కాకుండా, వెడల్పుగా, పొరలు పొరలుగా లేస్తుంది.

‘వితిన్ యూ వితౌట్ యూ’ గురించి మనవాళ్లకి విడిగా చెప్పాలి. దిల్‌రుబా, తబలా, తంబూరా, స్వరమండల్ వాయించింది లండన్‌లో ఉండే భారతీయ వాద్యకారులు. వాళ్ల మీద ఎనిమిది వయొలిన్లు, మూడు చెల్లోలు తర్వాత చేరాయి. జార్జ్ హ్యారిసన్ గొంతుని దిల్‌రుబా నీడలా అనుసరిస్తుంది. కొత్త మిక్స్‌లో ఆ రెండింటి మధ్య గాలి ఆడుతుంది. తబలా బాయ మీద అరచేతి ఒత్తిడితో స్వరం వంగడం కూడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక లోపం. ఈ మిక్స్ పెద్ద వాల్యూమ్‌తో, గట్టిగా కుదించి మాస్టర్ చేసింది. నెమ్మదైన చోటుకీ హోరెత్తే చోటుకీ ఉండాల్సిన ఎడం తగ్గింది. ‘గుడ్ మార్నింగ్ గుడ్ మార్నింగ్’లో శాక్సొఫోన్లు, డ్రమ్స్, గొంతు అన్నీ ఒకేసారి ముందుకు తోసుకొస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో వరుసగా రెండుసార్లు వింటే చెవి అలసిపోతుంది. పాత సీడీతో పోల్చి చూడాలనుకుంటే ముందు రెండింటి వాల్యూమ్ సమం చేసుకోండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా మన చెవికి అదే మెరుగ్గా అనిపిస్తుంది. వాల్యూమ్ ముట్టుకోకుండా పోలిస్తే 2017 మిక్స్ ఊరికే గెలుస్తుంది. సమం చేశాక మాత్రం డ్రమ్స్, బేస్ విషయంలో కొత్తదీ, సింబల్స్ సహజత్వం విషయంలో 2009 రీమాస్టరూ ముందుంటాయి.

సూపర్ డీలక్స్ పెట్టెలో నాలుగు సీడీలు, ఒక డీవీడీ, ఒక బ్లూ-రే, 144 పేజీల గట్టి అట్ట పుస్తకం ఉంటాయి. రెండో, మూడో సీడీల్లో స్టూడియో టేకులు (పాటని రికార్డు చేసిన ఒక్కో ప్రయత్నం) ఉన్నాయి. పెట్టె విలువంతా ఇక్కడే ఉంది. ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ ఏడో టేకు, ఇరవయ్యారో టేకు వెంటవెంటనే వినండి. మొదటిది నెమ్మదిగా, మెత్తగా ఉంటుంది. రెండోది ట్రంపెట్లు, చెల్లోలతో వేగంగా, పైశ్రుతిలో సాగుతుంది. లెన్నన్‌కి మొదటిదాని ఆరంభం, రెండోదాని మిగతా భాగం నచ్చడంతో, ఒకదాన్ని కాస్త వేగం పెంచి, ఇంకోదాన్ని తగ్గించి, సుమారు ఒక నిమిషం దగ్గర అతికించారు. రెండు టేకుల్నీ వాటి సొంత వేగంలో విన్నాక అసలు పాట వింటే ఆ అతుకు ఎక్కడుందో చెవికి దొరుకుతుంది. అతికాక లెన్నన్ గొంతు ఎందుకు అలా బరువెక్కి, మత్తుగా మారిందో కూడా అర్థమవుతుంది.

‘వెన్ ఐ యామ్ సిక్స్‌టీ ఫోర్’ రెండో టేకు కూడా అలాంటిదే. విడుదలైన పాటని వేగం పెంచి అర స్వరం పైకి లేపారు, పాల్ గొంతు కుర్రాడిలా వినపడాలని. ఈ టేకులో ఆయన అసలు గొంతు ఉంది. ‘ఎ డే ఇన్ ద లైఫ్’కి ముగింపుగా మొదట పియానో అనుకోలేదు, అందరూ కలిసి నోరు మూసుకుని ఒకే స్వరాన్ని హమ్ చేస్తూ లాగాలనుకున్నారు. ఆ ప్రయత్నాలూ ఉన్నాయి. ఊపిరి చాలదు, నవ్వు ఆగదు, స్వరం నిలవదు. ఆ తర్వాత ఫిబ్రవరి 22న పియానోల మీద కొట్టిన ‘E మేజర్’ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛం) వినండి. శబ్దం తగ్గుతున్నకొద్దీ ఇంజనీరు ఫేడర్ (శబ్దం స్థాయి మార్చే మీట) పైకి లేపుతూ పోవడంతో, చివరి క్షణాల్లో గదిలో సద్దు కూడా టేపుకి ఎక్కింది. హ్యారిసన్ భారతీయ వాద్యకారులకి వరుసల్ని పాడి చూపిస్తూ నేర్పే చిన్న ముక్కని మాత్రం దాటేయకండి.

అన్ని టేకులూ ఇంత విలువైనవి కావు. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ తీగవాయిద్యాల టేకులు రెండున్నాయి, ఒకటి సరిపోయేది.

నాలుగో సీడీ 1967 మోనో. 2009 మోనో ఇప్పటికే ఉన్నవాళ్లకి ఆల్బమ్ మిక్స్‌లో కొత్తదేమీ లేదు. చివర్లో చేర్చిన విడి మిక్సులే అదనం. వాటిలో రెండు బాగున్నాయి. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ మొదటి మోనో మిక్స్‌లో, తర్వాత కోసేసిన చెల్లో ముక్క ఇంకా ఉంది. అమెరికాలో రేడియో స్టేషన్లకి పంపిన ‘పెనీ లేన్’ మిక్స్‌లో చివర ట్రంపెట్ విరుపు ఒకటి అదనంగా వినపడుతుంది. మోనోని హెడ్‌ఫోన్స్ కన్నా స్పీకర్లలో వినండి. రెండు స్పీకర్లూ మీకు సమాన దూరంలో ఉంటే శబ్దమంతా నడిమధ్యన ఒక బిందువులా నిలబడాలి. పక్కకి లాగుతుంటే స్పీకర్ స్థానమో, బాలెన్సో తప్పింది. దాన్ని సరిచేసుకున్నాకే స్టీరియో మిక్సుల గురించి తీర్పు చెప్పండి.

డీవీడీలోనూ, బ్లూ-రేలోనూ ఆల్బమ్ 5.1 (ఆరు చానెళ్ల సరౌండ్) మిక్స్, 24 బిట్ల స్టీరియో, 1992 నాటి డాక్యుమెంటరీ ఉన్నాయి. బ్లూ-రేలో 5.1 నష్టం లేని ఫార్మాట్‌లో ఉంటుంది, డీవీడీలో కుదించి ఉంటుంది. ఇక్కడ మామూలుగా జరిగే పొరపాట్లు రెండు. ప్లేయర్ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ కేబుల్ వేస్తే నష్టం లేని 5.1 అందులోంచి రాదు, కుదించినదే వస్తుంది. హెచ్‌డీఎంఐ వేయాలి. రెండోది, రెండే స్పీకర్లున్నవాళ్లు మెనూలో 5.1ని అలాగే వదిలేయడం. అప్పుడు ప్లేయర్ ఆరు చానెళ్లని రెండుగా మడిచి ఇస్తుంది, గొంతు, బేస్ పాళ్లు మారిపోతాయి. మెనూలోకి వెళ్లి స్టీరియో పీసీఎం (రెండు చానెళ్ల, కుదించని ఆడియో) ఎంచుకోండి.

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు క్రాస్‌ఫేడ్ (పాట చివరనీ తర్వాతి పాట మొదటినీ కలిపేసే సెట్టింగ్) ఆపేసి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా ఆడించే సెట్టింగ్) పెట్టుకోవాలి. మొదటి పాట రెండోదాంట్లోకి ఆగకుండా దూకుతుంది. ‘గుడ్ మార్నింగ్’ చివర కోడిపెట్ట అరుపు గిటారు మోతగా మారి రీప్రైజ్ (మొదటి పాటే మళ్లీ చిన్నగా వచ్చేది) మొదలవుతుంది, ఆ చప్పట్లలోంచే చివరి పాట లేస్తుంది. సీడీని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే ఎంపీ3 కన్నా ఫ్లాక్ (నష్టం లేని ఫార్మాట్) మేలు. ఎంపీ3 ఫైలు మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది. ప్లేయర్ దాన్ని తీసేయకపోతే సరిగ్గా ఈ కీళ్ల దగ్గరే టక్కున తెగుతుంది.

పెట్టె అందరికీ అవసరం లేదు. కొత్త మిక్స్, ఒక్కో పాటకి ఒక్కో పాత టేకు చాలనుకుంటే రెండు సీడీల ఎడిషన్ సరిపోతుంది. చాలామందికి నేను సూచించేది అదే. పాట ఎలా కట్టారో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లు, 5.1 సెటప్ ఉన్నవాళ్లు పెట్టె కొనుక్కోవచ్చు. మొదటిసారి వినేవాళ్లు 2017 మిక్స్‌తోనే మొదలుపెట్టండి.

రెండు ఎల్పీల ఎడిషన్‌లో మొదటిది కొత్త మిక్స్, రెండోది టేకులు. ఇందులో ఒక ఇబ్బంది ఆల్బమ్ వరుసలోనే ఉంది. 33⅓ వేగంలో తిరిగే ఎల్పీలో బయటి అంచున సూది కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలి చివర సుమారు 21. అదే శబ్దాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. ఆల్బమ్‌లో అన్నిటికంటే హోరుగా ఉండే ఆర్కెస్ట్రా ఘట్టం సరిగ్గా అక్కడే, రెండో వైపు చివర్లో ఉంది. అక్కడ గరగర వస్తే రికార్డుని తప్పుపట్టేముందు ప్రొట్రాక్టర్ (కోణం కొలిచే పలక) పెట్టి కార్ట్రిడ్జ్ (సూది బిగించి ఉండే భాగం) కోణం సరిచూడండి, సూది బరువు తయారీదారు చెప్పిన హద్దుల్లో పై కొసకి తెచ్చి చూడండి. మామూలు గుండ్రటి సూది ఉంటే ఎలిప్టికల్ గానీ, ఇంకా సన్నటి మైక్రోలైన్ గానీ వేయించండి. ఇవన్నీ చేశాక కూడా గరగర పోకపోతే ఆ ప్రతి మార్పించుకోవాల్సిందే.