ప్రభుత్వానికి మతంతో ఎంత దూరం మేలు?

ఫ్రాన్స్ పద్ధతి మేలా, అమెరికాదా, మనదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. రాజ్యాంగంలో ఏ మాట రాసుకున్నారన్నది నాకు తర్వాతి సంగతి. బడిలో అందరూ చేతులు జోడించినప్పుడు జోడించని ఒక్క పిల్లవాడి గతి ఏమిటి? నేను ముందు చూసేది అదే.

ఫ్రాన్స్ 1905 చట్టంతో మతాలకు ఖజానా మూసేసింది. అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉన్న అల్సాస్‌లో మాత్రం మతగురువులకు నేటికీ ప్రభుత్వమే జీతాలిస్తోంది. ఖజానా మూయడం వరకు నాకూ సమ్మతమే. కానీ 2004లో మరో చట్టం వచ్చింది. ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలేవీ పిల్లలు ధరించకూడదంది. ముస్లిం ఆడపిల్లను తలగుడ్డ తీస్తేనే తరగతిలోకి రానిస్తామనడం బలవంతం కాక మరేమిటి? మతం ఉండకూడనిది ప్రభుత్వానికి, ఆ పిల్లకు కాదు.

ఇంగ్లండ్‌లో రాజే చర్చికి అధిపతి, పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో 26 మంది బిషప్పులకు పదవీరీత్యా స్థానాలున్నాయి. ఎంత మెత్తగా నడిచినా, ఒక మతానికి అలా పీట వేయడం నాకు సమ్మతం కాదు.

ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదన్న అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ 1791 నాటిది. దాని బలం ఒక చిన్న ప్రార్థన దగ్గర తెలిసింది. న్యూయార్క్ బడుల కోసం అధికారులే దాన్ని రాశారు. ఇంగ్లీషులో 22 మాటలు, ఏ మతశాఖ పేరూ లేదు. ఇష్టం లేనివారు మౌనంగా ఉండవచ్చు, బయటికీ వెళ్లవచ్చు. అయినా 1962లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. తరగతి అంతా చూస్తుండగా లేచి గుమ్మం దాటడం పసివాడికి ఎంత కష్టమో ఊహించండి. ‘వెళ్లవచ్చు’ అన్న అనుమతి స్వేచ్ఛ అనిపించుకోదు. అందుకే బడి విషయంలో నా ఓటు అమెరికాకే.

మన దగ్గరా ఆ వెలుగు లేకపోలేదు. 1985లో కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. జాతీయగీతం వినిపిస్తే వాళ్లు లేచి గౌరవంగా నిలబడేవారు, తమ మతవిశ్వాసం వల్ల పాడేవారు కాదు. వాళ్లను తిరిగి చేర్చుకోవాలని 1986లో మన సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఒక్కచోట మాత్రం అమెరికా పద్ధతి మనకు చాలదు. ప్రభుత్వం మతం జోలికి పోనే కూడదంటే దళితులకు గుడి తలుపులు ఎవరు తెరిపించాలి? అంటరానితనాన్ని 17వ అధికరణ రద్దు చేసింది. హిందూ ఆలయాల్లోకి అన్ని వర్గాలనూ రానిచ్చేలా చట్టం చేసే అధికారాన్ని 25వ అధికరణ ఇచ్చింది. ఆ జోక్యాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆలయ పాలకమండలిలో ఎవరు కూర్చోవాలో ప్రభుత్వమే తేల్చడాన్ని మాత్రం సమర్థించలేను.