పడవ అడుగు నీళ్లలోనే కడగాలా, ఒడ్డుకెక్కించి కడగాలా: ఏది మేలు?

మెరీనాలో, అంటే పడవలు కట్టేసి ఉంచే రేవులో, చెత్తబుట్టలు ఎక్కడ పెట్టాలి, మంటలార్పే సిలిండర్లు ఎక్కడ వేలాడదీయాలి అన్న దగ్గర పెద్దగా పేచీలు రావు. పేచీ అంతా పడవ అడుగు కడిగే దగ్గరే. కట్టేసి ఉంచిన పడవకు కొన్ని వారాల్లోనే పాకుడు పడుతుంది, దాన్ని పట్టించుకోకపోతే నాచు, ఆపైన బార్నకిల్స్ అనే చిన్న గుల్ల జీవాలు రాయిలా అతుక్కుంటాయి, వేగం తగ్గి ఇంజను డీజిల్ ఎక్కువ తాగుతుంది. కడగక తప్పదు. మరి డైవర్‌ను దించి ఉన్నచోటే రుద్దించాలా, లిఫ్టుతో పైకెత్తించి కడిగించాలా?

సౌకర్యం చూస్తే డైవర్‌దే పైచేయి. పడవ కదలక్కర్లేదు, లిఫ్టు కోసం వంతు కాయక్కర్లేదు, ఖర్చూ తక్కువే. చిక్కల్లా అడుగున పూసిన రంగుతోనే. పాకుడు, గుల్లలు పట్టకుండా పూసే ఈ యాంటీఫౌలింగ్ రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది, జీవాలను అతుక్కోనివ్వనిది అదే. (ఒకప్పుడు ట్రైబ్యూటైల్ టిన్ అని ఇంతకంటే ఘోరమైన సరుకు వాడేవారు. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం దెబ్బతిన్నాక 1982లో అక్కడ చిన్న పడవలకు దాన్ని ఆపేశారు, దాని మీద అంతర్జాతీయ నిషేధం మాత్రం 2008లో గానీ అమలుకు రాలేదు.) మెల్లగా కరిగిపోయే రకం మెత్తటి రంగు వేసి ఉంటే, డైవర్ బ్రష్ పెట్టి గట్టిగా రుద్దగానే నీళ్లలో ఎర్రగానో నీలంగానో ఓ మబ్బు లేస్తుంది. మీరు డబ్బు పోసి కొన్న రంగే అలా పోతోందన్నమాట, అక్కడికక్కడ ఆపించాలి.

అలాగని పాపమంతా డైవర్ నెత్తిన రుద్దేయడం కూడా నాకు నచ్చదు. అమెరికాలోని శాన్ డియేగోలో షెల్టర్ ఐలాండ్ పడవల రేవు ఉంది, రెండు వేలకు పైగా పడవలుంటాయి. అక్కడి నీళ్లలో కరిగిన రాగి ఎక్కడినుంచి వస్తోందని అధికారులు లెక్క తీస్తే 98 శాతం పడవల రంగులదేనని తేలింది. అందులో నీళ్లలో కడగడం వల్ల వచ్చింది 5 శాతమే, మిగతా 93 శాతం పడవ ఊరికే కట్టేసి ఉన్నా రంగులోంచి ఊరుతున్నదే! అంటే రాగి రంగు పూసుకుని, ఒడ్డునే కడిగిస్తున్నాం కదా అని నిశ్చింతగా కూర్చుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ముందు ఆలోచించాల్సింది డబ్బాలో ఏముందని, ఆ తర్వాతే ఎక్కడ కడగాలని.

ఒడ్డుకెక్కించడంలో అసలు లాభం కడగడం ఒక్కటే కాదు. పట్టీల మీద పడవ పైకి లేచాక నీళ్లలో కనబడనివన్నీ బయటపడతాయి: మిగతా లోహ భాగాలకు బదులు తుప్పు తినడానికే బిగించే జింక్ ముక్కలు ఎంత అరిగాయో, ప్రొపెల్లర్ షాఫ్టుకు చుట్టుకున్న వల తాడు, బిగుసుకుపోయిన వాల్వులు. కానీ కడిగే గచ్చుకు వాలు, ఆ వాలు చివర మురికి నీళ్లు పట్టే తొట్టి, అందులో మడ్డి దిగడానికి ఏర్పాటు ఉండాలి. ఇవేవీ లేకుండా ప్రెషర్ పంపుతో కొడితే ఆ రంగునీళ్లు తిన్నగా రేవులోకే జారిపోతాయి, ఈ మాత్రం దానికి లిఫ్టు ఖర్చు దేనికి?

భద్రత సంగతికొస్తే రెంటికీ రెండు రకాల టెన్షన్లు. ఒడ్డున పడవ స్టాండ్ల మీద నిలబడుతుంది, ఎదురెదురు స్టాండ్లను అడుగునుంచి గొలుసుతో కట్టకపోతే గాలికో కుదుపుకో ఒకటి పక్కకు జారుతుంది. నీళ్లలో అయితే కరెంటు. డాక్ మీది కనెక్షన్లో లీకు ఉంటే, ముఖ్యంగా మంచినీటి మెరీనాల్లో, ప్రాణాలు పోతాయి. ఉప్పునీరు కరెంటును మన ఒంటికంటే బాగా మోస్తుంది కాబట్టి చాలావరకు మనిషిని తప్పించుకుని పోతుంది, మంచినీళ్లలో అలా కాదు, మన ఒళ్లే దానికి తేలిక దారి. అందుకే డైవర్ దిగేముందు ఆ పడవకే కాదు, పక్క పడవలకూ కరెంటు తీయాలి, ఇంజను తాళం చెవి తీసి డాక్ మీద కాపలా ఉన్న మనిషి జేబులో వేయాలి. ఆ కాపలా మనిషి లేకపోతే ఆ రోజుకు పని వాయిదా, అంతే.

నా లెక్కలో ఏడాదికోసారి ఒడ్డుకెక్కించడం తప్పనిసరి. మధ్యలో కరగని గట్టి రంగో, రాగి లేని సిలికాన్ పూతో ఉన్న పడవలకైతే పాకుడు పలచగా ఉన్నప్పుడే డైవర్‌తో మెత్తటి గుడ్డ పెట్టి తుడిపించుకోవచ్చు. బార్నకిల్స్ ముదిరేదాకా ఆగి ఇనప గీకుడుబద్దతో గీకించడం మాత్రం వద్దు, గుల్లతో పాటు రంగూ ఊడొస్తుంది. కరిగే రంగు ఉన్నవాళ్లు నీళ్లలో కడిగించే ఆలోచనే పెట్టుకోకూడదు.

దూరపు సముద్రం నుంచి కొత్తగా వచ్చిన పడవకైతే, అడుగున ఏం రంగున్నా సరే, ఒడ్డే. అక్కడి జీవాలు దాన్ని పట్టుకునే వస్తాయి, రేవులో గీకితే కిందపడి బతికేస్తాయి, ఒకసారి పాతుకుపోయాక పీకడం దాదాపు ఎవరితరమూ కాదు. ఈ ఒక్క విషయంలో మెరీనా వాళ్లు యజమాని మొహమాటం చూడకుండా, పడవ కట్టుకునే చోటు (బెర్తు) ఇచ్చేముందే ఎక్కణ్ణుంచి వచ్చారు, చివరిసారి ఎప్పుడు కడిగించారు అని అడిగి రాసుకోవాలి.