ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత లోకల్ సర్వర్ ఆగిపోతే: కొత్త పీహెచ్‌పీయా, పాతదా, డాకరా?

ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 20.04 వెర్షన్‌కి మామూలు సపోర్ట్ 2025 మేతో అయిపోయింది. అందుకని ఒక ఆదివారం కూర్చుని ఇంట్లో కంప్యూటర్‌ని 22.04కి మార్చాను. అప్‌గ్రేడ్ సాఫీగానే సాగింది. తీరా రీస్టార్ట్ చేసి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (మన కంప్యూటర్‌లోనే నడిచే సర్వర్ అడ్రస్) అని కొడితే పేజీ రాలేదు. మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా కోసం పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన సైటు అందులోనే ఉంది. మర్నాడు పొద్దున్నే వాళ్లకి చూపించాలి. ఒకటే టెన్షన్.

ఇలాంటప్పుడు అన్నీ పీకేసి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. పేజీలు అందించే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ పేరు అపాచీ. దాని సెట్టింగులు చూడటానికి టెర్మినల్‌లో 'సుడో అపాచీ2సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్' కొట్టండి. తప్పు ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో ఉందో అదే చెబుతుంది. నాకైతే పీహెచ్‌పీ 7.4 మాడ్యూల్ ఫైలు దొరకడం లేదని చెప్పింది. 20.04తో వచ్చేది పీహెచ్‌పీ 7.4, 22.04తో 8.1, 24.04తో 8.3. అప్‌గ్రేడ్‌లో పాతది పోయింది, అపాచీ సెట్టింగ్ మాత్రం ఇంకా దాన్నే వెతుక్కుంటోంది.

ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి. కొత్త పీహెచ్‌పీకే సైటును అలవాటు చేయడం, బయటి రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే ఆన్‌లైన్ చోటు) నుంచి 7.4ను మళ్లీ తెచ్చుకోవడం, డాకర్‌లో (సైటుకి కావలసినవన్నీ సిస్టమ్‌తో కలవకుండా 'కంటైనర్' అనే విడి పెట్టెలో నడిపే ప్రోగ్రామ్) పెట్టేయడం.

నేను మొదటి దారి పట్టాను. అపాచీ కోసం పీహెచ్‌పీ 8.1 మాడ్యూల్ ఇన్‌స్టాల్ చేసి, 'ఏ2డిస్‌మాడ్'తో 7.4ను ఆపి, 'ఏ2ఎన్‌మాడ్'తో 8.1ను ఆన్ చేసి, అపాచీని రీస్టార్ట్ చేశాను. పది నిమిషాల పని. పాతదాన్ని ఆపి, కొత్తదాన్ని ఆన్ చేయడం మరిచిపోతే మాత్రం పేజీకి బదులు మీరు రాసిన కోడే బ్రౌజర్లో కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. పేజీ తెల్లగా వచ్చింది. ఉబుంటులో తప్పులు తెరమీద చూపించకుండా సెట్ చేసి ఉంటుంది కాబట్టి అపాచీ ఎర్రర్ లాగ్ తెరిచాను. 'ఎంబీ_సబ్‌స్టర్' అనే ఫంక్షనే లేదంటోంది. పొడవైన పుస్తకాల పేర్లను కత్తిరించడానికి వాడుకున్నాను దాన్ని. 7.4కి వేసుకున్న ఎంబీస్ట్రింగ్ (ఆ ఫంక్షన్ ఉండేది ఇందులోనే), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్) ఎక్స్‌టెన్షన్లు 8.1కి వాటంతట అవి రావు, విడిగా వేసుకోవాలి. 'ఎంబీ_సబ్‌స్టర్' బదులు మామూలు 'సబ్‌స్టర్' పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకోకండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 'పుస్తకం' అన్న మాటకి 21 బైట్లు. సబ్‌స్టర్ బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి పది దగ్గర కోస్తే 'పుస' తర్వాత ఒక విరిగిన గుర్తు మిగులుతుంది. తెలుగు సైటుకి ఎంబీస్ట్రింగ్ ఉండి తీరాలి.

పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు కూడా కొత్తదే. పాత ఫైల్లో అప్‌లోడ్ పరిమితి ఎంత పెంచి ఉన్నా, ఇక్కడ మళ్లీ 2 ఎంబీయే. కవర్ పేజీల ఫొటోలు ఎక్కకపోతే గానీ అది నాకు తట్టలేదు.

దీనికంతా నాకు ఒక సాయంత్రం పట్టింది. అయినా మేలే జరిగింది. 8.1 నుంచి మైఎస్‌క్యూఎల్‌ఐ (డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్) క్వెరీలో తప్పుంటే ఊరుకోదు, ఎక్సెప్షన్ విసురుతుంది. నా కోడ్‌లో ఒక కాలమ్ పేరు తప్పుగా ఉండి, రచయిత పేరుతో వెతికితే ఎప్పుడూ ఖాళీగా వచ్చేది. ఆ పేరుతో పుస్తకాలు లేవేమోనని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాం. ఆ తప్పు బయటపడింది ఇప్పుడే.

రెండో దారి త్వరగా అయిపోతుంది. డెబియన్ డెవలపర్ ఓండ్రెయ్ సురీ నడిపే పీపీఏలో (ఉబుంటు కోసం విడిగా నడిపే రిపాజిటరీ) 7.4 దొరుకుతుంది. అది వేస్తే సైటు ఎప్పట్లా లేచి కూర్చుంటుంది. కానీ పీహెచ్‌పీ 7.4కి సెక్యూరిటీ సవరణలు 2022 నవంబర్ 28తోనే ఆగిపోయాయి. పైగా టెర్మినల్‌లో ఒక వెర్షన్, అపాచీలో ఇంకో వెర్షన్ నడుస్తూ గందరగోళం అవుతుంది. ఇంకో అప్‌గ్రేడ్ చేస్తే బయటి రిపాజిటరీలన్నీ ఆఫ్ అవుతాయి, కథ మళ్లీ మొదలు. రేపే చూపించాలి, కోడ్ ముట్టుకునే టైం లేదు అంటే తప్ప నేను దీన్ని చెప్పను.

డాకర్ బాగుంటుంది, కానీ అందరికీ కాదు. ఒక క్లయింట్ సైటు 7.4లో, ఇంకొకటి 8.3లో ఉంటే దీన్ని మించింది లేదు. సిస్టమ్ అప్‌గ్రేడ్ అయినా కంటైనర్‌లోని పీహెచ్‌పీ కదలదు. ఒకే చిన్న సైటుకైతే నేర్చుకోవాల్సింది ఎక్కువ. మైఎస్‌క్యూఎల్‌ఐని ఇమేజ్‌లో మనమే కలుపుకోవాలి. కోడ్‌లో డేటాబేస్ అడ్రస్ 'లోకల్‌హోస్ట్' అని ఉంటే అది కంటైనర్ తనలోనే వెతుక్కుంటుంది, బయట కంప్యూటర్లో ఉన్న మైఎస్‌క్యూఎల్ దొరకదు. ఇంకోటి, డాకర్ తెరిచిన పోర్టులను యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆపదు. అందుకే పోర్టు నంబర్ ముందు 127.0.0.1 (ఈ కంప్యూటర్‌కే పరిమితం అని) తప్పకుండా రాయండి.

ఏది ఎంచుకోవాలో తేల్చేది మాత్రం మీ లైవ్ సర్వర్. హోస్టింగ్ వాళ్ల కంట్రోల్ ప్యానెల్‌లో పీహెచ్‌పీ వెర్షన్ చూడండి. అక్కడ 8 ఉంటే మొదటి దారే. అక్కడింకా 7.4 ఉండి, మార్చడం మీ చేతుల్లో లేకపోతే ఇంట్లో డాకర్ పెట్టుకోండి. లైవ్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టుకుంటే ఇక్కడ బాగా నడిచిన పేజీ అక్కడ తెల్లబోతుంది.

త్వరలో 24.04కి వెళ్లాలి. ఈసారి వేసుకున్న పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ల జాబితా, సెట్టింగుల ఫైలు, డేటాబేస్ బ్యాకప్ మూడూ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచాను.