స్టాండర్డ్ హెరాల్డ్ చూడాలంటే కోయంబత్తూరుకే వెళ్లాలి

స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో పుట్టిన కారు. ఇటలీ డిజైనర్ మికెలోట్టి రూపమిచ్చిన ఇంగ్లండు కారు ట్రయంఫ్ హెరాల్డ్‌నే 1961 నుంచి ఇక్కడ ఆ పేరుతో చేశారు. అయినా చెన్నైలో వెతకడం కంటే కోయంబత్తూరు వెళ్లడం మేలు. సముద్రపు గాలికి దీని ఛాసిస్ (బాడీ కింది ఇనుప చట్రం) పక్కలు ముందుగా తుప్పుపడతాయి, పైన పెయింటు మెరుస్తున్నా కింద జల్లెడే. కోయంబత్తూరులో ఉప్పుగాలి లేదు, దొరకని పార్టు తయారుచేసిచ్చే లేత్ షెడ్లకు కొదవ లేదు.

చెన్నైలో ఎగ్మూరు పక్కనున్న పుదుపేట పాత స్పేర్ల బజారుకు ఒక పూట చాలు. రాత్రి సెంట్రల్‌లో చేరన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే కోయంబత్తూరు. గాంధీపురం బస్టాండు చుట్టూ లాడ్జీలు చవకే గానీ హారన్ల మోత ఆగదు, రోడ్డువైపు గది తీసుకోవద్దు. అవినాశి రోడ్డు హోటళ్లు ఖరీదైనా గెడీ కార్ మ్యూజియం, ఎయిర్‌పోర్టు అదే దారిలో ఉంటాయి. ముగ్గురు కలిసి వెళ్తే ఇక్కడ దిగడమే గిట్టుబాటు. మ్యూజియానికి మూలపురుషుడు జి.డి. నాయుడు (1893–1974) అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టినవారే. పండగ రోజుల్లో ఫోన్ చేసి వెళ్లండి. టిఫినుకు ఆర్.ఎస్. పురం అన్నపూర్ణలో సాంబార్ ఇడ్లీ తప్పక తినాలి.

ఇక కారు. రెండు తలుపులుంటే తొలి మోడళ్లు. నాలుగు తలుపులుంటే మార్క్ 3, అది ఇండియాలో మాత్రమే వచ్చింది కాబట్టి దాన్ని చూడటం ఇంకా అపురూపం. నల్ల గ్రిల్, మార్చిన వెనుక భాగం ఉంటే 1970ల గజెల్.

యజమాని ఒప్పుకుంటే బానెట్ ఎత్తించండి. మడ్‌గార్డులతో సహా కారు ముందు భాగమంతా లేచి, చక్రాలు, సస్పెన్షన్ బయటపడతాయి. 948 సీసీ ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఎవరినైనా క్లచ్ తొక్కమని ముందు పుల్లీని గమనించండి. అది ముందుకు జరిగినట్టు కంటికి కనిపిస్తే క్రాంక్ షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయన్నమాట. అవి జారిపడితే ఇంజన్ బ్లాకే పాడవుతుంది.

అంతకంటే ముఖ్యం ముందు చక్రాల దగ్గర అడుగునున్న ఇత్తడి రంగు ట్రన్నియన్, అంటే చక్రాన్ని మోసే నిలువు లింకు (కడ్డీ) అడుగు మర దిగి తిరిగే దిమ్మ. దానికి గ్రీజు పనికిరాదు, ఈపీ 90 గేర్ ఆయిలే పట్టించాలి. గ్రీజు మరల్లోకి దిగదు, నీరు చేరి తుప్పు పడుతుంది. చివరికి నిలువు లింకు మర దగ్గర విరిగి, బండి నడుస్తుండగానే చక్రం పక్కకు వాలిపోతుంది. కొనే ఉద్దేశముంటే ముందు చూడాల్సింది ఇదే. ట్రయంఫ్ వారి స్పోర్ట్స్ కారు స్పిట్‌ఫైర్‌కూ ఇదే తరహా అమరిక కాబట్టి కొత్త ట్రన్నియన్లు ఇంగ్లండులో ఇప్పటికీ అమ్ముతున్నారు. కుడి, ఎడమ మరలు వేరు, ఆర్డరిచ్చేటప్పుడు జతగానే అడగాలి.