కాశీలో తొమ్మిది నిద్రలు

"కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అనేది మా నాయనమ్మ. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన, ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామి తిరిగి ఇల్లు చేరడానికి 15 నెలలు పట్టింది మరి. ఇప్పుడు సికింద్రాబాద్‌లో రైలెక్కితే మర్నాటికి కాశీ. అయినా మా నాన్న చూడలేకపోయారు. రెండుసార్లు టికెట్లు తీసి, రెండుసార్లూ రద్దు చేశారు. మూడోసారి నేను తీసేనాటికి ఆయన లేరు. అమ్మను తీసుకెళ్లాను.

ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఘాట్ పక్కన తీసుకున్న గదిలో ఒక్క రాత్రే ఉన్నాం. కిటికీలోంచి గంగ కనబడుతుందన్న మాట నిజమే. కానీ నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మ మోకాళ్లు చూసి మర్నాడే పాండే హవేలీ వైపున్న తెలుగు ఆశ్రమానికి మారాం. గది సాదాసీదాగా ఉన్నా, మధ్యాహ్నం పంక్తిలో పప్పు, చారు, మజ్జిగ. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇలాంటి చోటు ముందే మాట్లాడుకోవడం మంచిది.

గర్భంలో గడిపిన తొమ్మిది నెలలకు గుర్తుగా తొమ్మిది నిద్రలు చేయాలంటారు. రెండు రోజుల ప్యాకేజీలో విశ్వనాథుడి దర్శనం అవుతుందిగానీ ఊరు అందదు. ఇంట్లో బీపీ మాత్ర కూడా గుర్తు చేయాల్సిన అమ్మ, అక్కడ నాలుగింటికే లేచి కూర్చునేది. ఒకరోజు కాలభైరవుడు, ఒకరోజు విశాలాక్షి, ఒకరోజు పంచగంగా ఘాట్ దగ్గర త్రైలింగ స్వామి అనే యోగి మఠం. ఆయన తమ విజయనగరం వైపు నుంచే వచ్చారని తెలిసి అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది.

దశాశ్వమేధ ఘాట్ సాయంత్రం హారతిలో తోపులాట ఎక్కువ. అమ్మలాంటి వాళ్లకు అస్సీ ఘాట్ ఉదయం హారతే హాయి. పడవ కూడా తెల్లవారుజామునే ఎక్కాలి. ఘాట్లన్నీ తూర్పు ముఖంగా ఉంటాయి కాబట్టి, ఎదురుగా ఇసుక ఒడ్డు మీంచి సూర్యుడు లేస్తుంటే మెట్లన్నీ ఎర్రబడతాయి.

ఆ పడవలో ఒకావిడ "కొడుకు తీసుకొచ్చాడు, అదృష్టవంతురాలివి వదినా" అంది. "ఆయనకే రాసిపెట్టి లేదు" అంది అమ్మ. నాకు గొంతు పట్టేసింది. రాత కాదది. ఒకసారి నా పరీక్షలు, ఒకసారి చెల్లి పెళ్లి. నాన్న కలకు అడ్డం నిలబడింది మా పనులే.

కాశీలో ఇష్టమైన పండో కూరో వదిలేయాలి కదా. చివరిరోజు అమ్మ సీతాఫలం వదిలేసింది. దసరా ముందు నాన్న బుట్టతో తెచ్చేవారు. నేనింకా ఏదీ వదల్లేదు. మళ్లీ వెళ్లాలి, ఈసారి చెల్లెలితో.